మావ గొంతు ఏ ప్లేయర్‌లో వస్తుంది

ఏ వస్తువు కొనాలన్నా ముందు ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ అభిప్రాయాలు చదవాలి నాకు. కుక్కరైనా అంతే, చీపురైనా అంతే. బాగుందని రాసినవాళ్ళని నమ్మను. ఒకే ఒక్క స్టార్ ఇచ్చి తిట్టిపోసినవాళ్ళనే నమ్ముతాను. "కొత్తిమీర కట్టకి కూడా రివ్యూలుంటే నీకు బాగుండును" అంటాడు మా ఆయన.

అలాంటిదాన్ని కాబట్టి, కంప్యూటర్‌లో డీవీడీలు ఆడించే సాఫ్ట్‌వేర్ల మీద జనం రాసిందంతా రోజుల తరబడి చదువుతూ కూర్చుంటే ఇంట్లో ఎవరూ వింతగా చూడలేదు. కానీ అప్పుడు పడ్డ భయం నేను ఏ కుక్కర్‌కీ పడలేదు.

సంగతి మా మేనత్తది. శృంగవరపుకోటలో, మా అందరి మాటలో కోటలో, ఆవిడా మావా కలిసి పిండిమిల్లు నడిపేవారు. ఆ మోత మధ్యనే కాపురం చేశారు. మోటారు ఆగిపోయినా మావ గొంతు తగ్గేది కాదు. ఇంట్లో మంచినీళ్ళడిగితే వీధి చివర వినపడేది. పిల్లలం మేం హడలిపోయేవాళ్ళం గానీ అత్త మాత్రం తన పని తను చేసుకుపోయేది. స్మార్ట్‌ఫోన్లు ఇళ్ళల్లోకి రాకముందే మావ గుండెపోటుతో పోయాడు. గోడ మీద ఫోటో ఉంది. గొంతు మాత్రం ఎక్కడా లేదు.

ఆ మిల్లు మోత చివరికి అత్త చెవుల మీద పడింది. విజయనగరంలో చెవి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. కుడి చెవి పూర్తిగా పోయిందనీ, ఎడమది కూడా అదే దారిలో ఉందనీ చెప్పాడు. చెవిలో మిషను పెడితే కొన్నాళ్ళు నెట్టుకురావచ్చట, ఎన్నాళ్ళో మాత్రం చెప్పలేనన్నాడు. ఆయన మెల్లగా చెప్పిన ఆ మాటని ఆసుపత్రి వరండాలో అత్త ఎడమ చెవి దగ్గర నేను అరిచి చెప్పాల్సి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

కోట బస్సెక్కి కూర్చున్నాక అత్త నోరు విప్పింది.

"అయితే ఇది పూర్తిగా పోకముందే ఒకపాలి మీ మావ గొంతు ఇనాల. పిల్ల పెల్లి సీడీ ఉన్నాది కదేటి, అది ఎయ్యవే. నివ్వు కంపూటర్ల దగ్గిరే కదా పన్జేస్తన్నావు."

నేను చేసేది ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ. ఆ తేడా అత్తకి చెప్పి లాభం లేదు. సరేనన్నాను.

పిల్లంటే అత్త కూతురు, నాకు వదిన. రాయగడలో ఉంటుంది. తన దగ్గరున్న సీడీని పిల్లలు సైకిలు చక్రానికి కట్టుకుని ఊరంతా తిప్పారట. ఇక మిగిలింది అత్త దగ్గరున్న ఒక్కటే. అందరూ సీడీ అంటారు గానీ అది డీవీడీ. పట్టుచీర మడతలోంచి తీసి, పసిపిల్లని ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది. టీవీకి తగిలించే పాత ప్లేయర్ ఎప్పుడో పాతసామాన్లవాడి పాలైంది. నా లాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. అందుకని బయట తగిలించే డ్రైవ్ ఒకటి తెప్పించాను. దాని మీద అభిప్రాయాలు కూడా చదివే తెప్పించాననుకోండి.

డిస్కు పెట్టాను. లోపల గరగరమని తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. తెర నల్లగానే ఉంది.

ఇక ఏ ప్లేయర్ మంచిదా అని వెతకడం మొదలుపెట్టాను. ఉచితంగా వచ్చేదాన్ని ఒకడు ఆకాశానికెత్తాడు. వాడి కిందే ఇంకొకడు, అది ఎక్కించాక నా కంప్యూటర్ మూలపడింది అన్నాడు. డబ్బిచ్చి కొనేదే నయమని ఒకావిడ, కొని మోసపోయానని మరొకాయన. "నాకు బాగానే పనిచేస్తోంది" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయేవాళ్ళుంటారే, వాళ్ళ మీద పట్టరానంత కోపం వచ్చింది. నీకు పనిచేస్తే సినిమా చూసుకోక ఇక్కడికెందుకొచ్చావయ్యా అని తెరతోనే పోట్లాడాను. అందరూ చెప్పినవన్నీ ఒక్కొక్కటే ఎక్కించి చూశాను. ఒకటి అసలు డిస్కే లేదంది. ఇంకొకటి డిస్కుంది గానీ అందులో ఏమీ లేదంది. ఒక్కటి మాత్రం కాస్త దయతలిచి మొదట్లో వచ్చే వినాయకుడి బొమ్మ దాకా వచ్చి, ఆయన తొండం దగ్గర ముక్కలు ముక్కలై ఆగిపోయింది.

ఇంతలో ఎవరో రాసింది కంటపడింది. పాత డిస్కుని ఊరికే మళ్ళీ మళ్ళీ తిప్పకండి, ఏదో ఒకరోజు లోపలే పగిలిపోతుంది, నాది అలాగే పగిలింది అని. అప్పటినుంచి డ్రైవ్ గరగరమన్నప్పుడల్లా ఆపేసి డిస్కు బయటికి తీసేదాన్ని. దాని కిందే ఇంకొకాయన, వెనకవైపు పసుపుపచ్చ మరక కనిపిస్తే ఆశ వదులుకోండి, లోపలి పూత పాడైపోతోందని అర్థం అని రాశాడు. డిస్కు తీసి దీపం కింద పెట్టి చూశాను. నడిమి కన్నం పక్కనే, మెరిసే వైపు, పసుపుపచ్చ మరక.

ప్రతి ఆదివారం కోట వెళ్ళేదాన్ని. వెళ్ళగానే అత్త వెనక నిలబడి స్టీలు గ్లాసు గట్టు మీద కాస్త గట్టిగా పెట్టేదాన్ని, తిరుగుతుందా లేదా అని. మొదట్లో తిరిగేది. ఆ ఆదివారం తిరగలేదు. ఇంకొంచెం గట్టిగా పెట్టాను. అప్పుడూ తిరగలేదు. ఒకపక్క ఈవిడ చెవి, ఇంకోపక్క ఆ డిస్కు, రెండూ పోటీపడి పోతున్నాయనిపించింది. ఏడుపొచ్చింది.

దాచి ప్రయోజనం లేదని డిస్కు చూపించి, మరక పడిందత్తా, పాడైపోయిందేమో అని అరిచాను.

"మరకేటి? అది బొట్టే" అంది అత్త. "దసరాకి మోటారుకీ, కాటాకీ, అన్నిటికీ పసుపు రాసి బొట్టెడతాను కదేటి. మీ మావ పోనాక దీనికీ ఎడతన్నాను."

"అయితే మెరిసే వైపు పెట్టావేంటి?"

"అదే కదే దాని మొగం. ఇటుపక్కన్నీ రాతలే."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవాలనీ, గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయనీ ఎవరో రాసింది గుర్తుంది. అత్త పాత నేతచీర ముక్క ఒకటి తీసుకుని, నీళ్ళు పోసి తుడిచాను. మొగం మీద బొట్టు తుడిచేస్తున్నానని అత్త కొంచెం ముఖం ముడుచుకుంది. డిస్కు పెట్టాను. గరగరమంది. వినాయకుడి తొండం దాటింది.

బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. వధూవరుల వెనక మంచుకొండలు, చుట్టూ గులాబీ రంగు హృదయాలు, ఆకాశంలోంచి రాలే అక్షింతలు. లాప్‌టాప్‌తో పాటు అత్తకోసం తీసుకెళ్ళిన పెద్ద స్పీకర్ తగిలించి సౌండంతా పెంచాను. కాసేపటికి ఇంటిముందు పందిట్లో మావ కనిపించాడు. పంచె పైకి కట్టి, తువ్వాలు తలకి చుట్టి, చెయ్యి పైకెత్తి నోరు బార్లా తెరిచి ఎవరినో కేకలేస్తున్నాడు. స్పీకర్‌లోంచి సినిమా యుగళగీతం వస్తోంది.

అత్త స్పీకర్ దగ్గరికి ఎడమ చెవి వంచింది. "ఏటంతన్నాడే? ఇనపడతన్నాది గానీ ఆడగొంతులాగున్నాదేటి?"

"సౌండ్ ఎక్కడో తేడాగా ఉందత్తా, సరిచేస్తాను" అన్నాను. ముందుకి జరిపి చూశాను. ఎక్కడ చూసినా పాటలే. ఇంటికొచ్చి మళ్ళీ అభిప్రాయాల మీద పడ్డాను. కొన్ని డిస్కుల్లో రెండో సౌండ్ ఉంటుంది, ఫలానా ప్లేయర్‌లో మెనూలోకెళ్ళి మార్చండి అన్నారు. మార్చడానికి రెండోది లేదు. చివరికి వీడియో తీసినాయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. స్టూడియో తీసేసి ఇప్పుడు ఫ్లెక్సీలు కొడుతున్నాడు.

"ఆ రోజుల్లో అందరి పెల్లిల్లకీ పాటలే ఏసీవోలం మేడమ్" అన్నాడు. "మీ అత్తగారైతే మరీమరీ సెప్పారు. ఆయన అరుపు ఒక్కటి ఇనపడకూడదు, మొత్తం పాటలెయ్యి బాబూ అన్నారు. అసలు టేపు లేదండి, దానిమీదే ఇంకో పెల్లి తీసీసాను."

ఏ సాఫ్ట్‌వేరూ ఇక చేసేదేం లేదు. అత్త మీద కోపమొచ్చింది, ఫ్లెక్సీలాయన మీద వచ్చింది. తర్వాత కోపం పోయి మళ్ళీ భయమే మిగిలింది. ఈ మాట అత్త చెవి దగ్గర ఎలా అరవను? కంప్యూటర్‌దే తప్పని చెబుదామని, దారి పొడుగునా ఆ అబద్ధం లోలోపల వల్లె వేసుకుంటూ వెళ్ళాను.

నన్ను నోరు తెరవనివ్వలేదు అత్త. "నానే ఎయ్యమన్నానే ఆ పాటలు" అంది. "నివ్వెల్లిన కాడినుంచీ ఆలోసిస్తన్నాను, గేపకమొచ్చింది. మగపెల్లోరు సదువుకున్నోలు. ఈయనేమో పందిట్లో గేదెల్ని అదిలించినట్టు అరుస్తన్నాడు. సిగ్గేసింది నాకు." లాప్‌టాప్ సంచీ నా వైపు జరిపింది. "సర్లే. ఎయ్యి. మొగమైనా సూస్తాను."

వేశాను. సౌండ్ తగ్గించబోయి ఎందుకో వదిలేశాను. అత్త మంచం మీద కూర్చుని చూస్తోంది. తాళి కట్టడమైంది, తలంబ్రాలయ్యాయి, పాట మీద పాట. భోజనాల దగ్గరికొచ్చింది. మావ పంక్తుల మధ్య తిరుగుతున్నాడు. ఒక పాట అయిపోయింది. రెండోది అందుకోవడం ఆలస్యమైంది. ఆ సందులో గిన్నెల చప్పుడు, ఎవరి పిల్లో ఏడుపు, వాటన్నిటి మీంచి గది అదిరిపోయేట్టు ఒక కేక.

"ఒసే, పెరుగు బకెట్టేదే?"

వెంటనే మళ్ళీ పాట.

గ్లాసు మోతకి తిరగని అత్త, ప్రతి మాటా నాచేత మళ్ళీ చెప్పించుకునే అత్త, పెరట్లోని నీళ్ళగాబు వైపు చెయ్యి చూపించింది. "గాబు పక్కనెట్టినాను" అంది.

అత్త తెర మీంచి చూపు తిప్పకుండా, "ఇంకోపాలి ఎయ్యి" అంది.

వెనక్కి తిప్పాను. డ్రైవ్ లోపల గరగరమంది. డిస్కు పగులుతుందని రాసినవాడు గుర్తొచ్చాడు. అయినా ఆపకుండా చూస్తూ కూర్చున్నాను. పాట అయిపోయింది, గిన్నెలు చప్పుడయ్యాయి, పిల్ల ఏడ్చింది, మావ మళ్ళీ అడిగాడు.

"సెప్పినాను కదేటి" అంది అత్త, కొంచెం విసుగ్గా. "గాబు పక్కనే ఉన్నాది."