వాగు అవతలి పదో పేరు

ఆ రోజుల్లో మా సిరొంచలో చాలామంది దగ్గర రెండు సిమ్ములుండేవి. ఒకటి మనది, మహారాష్ట్రది. రెండోది ప్రాణహిత అవతలి ఒడ్డుది, ఆంధ్రాది. మన టవరు పడుకుంటే అవతలి టవరు పలికేది. ఒక రాష్ట్రంలో కూర్చుని ఇంకో రాష్ట్రం మీదుగా మాట్లాడుకోవడం మాకు వింత కాదు. నా కొంప ముంచింది ఆ అలవాటే.

చంద్రపూర్‌లో కంప్యూటరు చదువు ముగించి వచ్చి, ఊళ్లోనే ఒక చిన్న ధర్మాసుపత్రిలో చేరాను. అక్కడ ఏటా తప్పని పని ఒకటుండేది. వాగులు పొంగి దారులు తెగకముందే, లోపలి ఊళ్లలో నెలలు నిండిన ఆడవాళ్లను జీపులో తెచ్చి, కాన్పు దాకా ఆసుపత్రి వెనక గదుల్లో ఉంచాలి. ఎవరిని తేవాలో పెద్ద నర్సు నోటుబుక్కులో రాసుకునేది. అందరం ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లం. ఆ బుక్కు బదులు నేనొక అప్లికేషన్ రాశాను. అహేరిలో ఉన్న మా రెండో కేంద్రం వాళ్లు కూడా పేర్లు ఎక్కించాలి కాబట్టి, లిస్టంతా ఎక్కడో దూరదేశంలో అద్దెకు తీసుకున్న డేటాబేసులో పెట్టాను. క్లౌడ్ అనే మాట అప్పుడప్పుడే వినబడుతోంది. "మబ్బుల పెట్టినవా? వానకు కారదా తమ్మీ?" అని సిస్టరమ్మ ఎగతాళి చేసింది.

ఆ డేటాబేసుకు కాపలా ఉండేది. మనం ముందుగా రాసిచ్చిన ఇంటర్నెట్ అడ్రసుల నుంచి వస్తేనే తలుపు తీస్తుంది. అహేరి ఫోను లైను అడ్రసు రాశాను. మాకు మాత్రం అవతలి సిమ్ము అడ్రసుల వరసే రాశాను, ఎందుకంటే పరీక్షలన్నీ దాంతోనే చేశాను. మన సిమ్ము సంగతి నాకు తట్టనే లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. మొదట్లో కనెక్షన్ కుదరనప్పుడల్లా తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చేవి. "ఏంది, నీ మిషన్ మళ్ల అలిగిందా?" అని సిస్టరమ్మ నలుగురిలో నవ్వేది. నాకు ముక్కు మీద కోపం. ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ ఎర్ర అక్షరాలు తీసేశాను. కనెక్షన్ దొరకకపోతే, చివరిసారి తెచ్చుకున్న లిస్టునే మాట్లాడకుండా చూపించమని ప్రోగ్రాముకు నేర్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. ఇక ఆలస్యం చేస్తే వాగులు ఆగవని, పొద్దున్నే జీపు బయల్దేరదీశాం. అప్పటికే అవతలి టవరు పోయింది. మన సిమ్ము వేస్తే ఇంటర్నెట్ వచ్చింది, తెర మీద తొమ్మిది పేర్లు కనబడ్డాయి. ప్రింటు తీసి డ్రైవరన్న చేతిలో పెట్టాను.

జీపు పోయిన చాలాసేపటికి సిస్టరమ్మ వచ్చింది. "పది మందికి పక్కలేసిన తమ్మీ."

"తొమ్మిదే కదమ్మా."

"పది. నిన్న పొద్దుమూకి అహేరోళ్లు ఫోన్ చేసి చెప్పిండ్రు, ఇంకొకామెను ఎక్కిచ్చినమని. ఏ ఊరని నేను అడగలే. నీ మిషన్ల ఉంటది గదా అనుకున్న."

నోటుబుక్కు ఆపించిందీ నేనే. ప్రోగ్రాము లోపల దాచిపెట్టుకున్న చిట్టా తెరిస్తే, పొద్దుటి నుంచి డేటాబేసు మమ్మల్ని తలుపు దగ్గరే తిప్పి పంపుతోందని రాసి ఉంది. మన సిమ్ము అడ్రసు చేర్చే పేజీ తెరిచాను. అది సగం వచ్చి ఆగేది, మళ్లీ మొదటికొచ్చేది. అహేరికి ఫోన్ చేస్తే లైను మూగబోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ గంటన్నరలో తెలిసింది. చివరికి తలుపు తెరుచుకుని పదో పేరు వచ్చింది. ఊరు వాగు అవతల. డ్రైవరన్న ఫోను మోగలేదు. వరండాలో నిలబడి వానను తిట్టాను, టవర్లను తిట్టాను, నన్ను తిట్టుకోవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

మధ్యాహ్నం దాటాక జీపు తొమ్మిది మందితో వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పగానే డ్రైవరన్న మొహం పాలిపోయింది.

"ఆ వాగు పక్కపొంటనే వచ్చిన. అవుతల గడ్డ మీద ముగ్గురు నిలబడి చెయ్యి ఊపిండ్రు. పేరు లేకపాయె. నేను గూడ చెయ్యి ఊపి వచ్చిన తమ్మీ."

ఆడవాళ్లను దింపి, ఇద్దరం జీపులోనే వెనక్కి పరుగెత్తాం. పొద్దున మోకాళ్ల లోతున్న వాగు ఇప్పుడు ఎర్రగా సుళ్లు తిరుగుతోంది. చేపలు పట్టేవాళ్లను బతిమాలితే నాటుపడవ వేశారు. పడవ అవతలికి పోయి, ఆమెనూ ఆమె అత్తనూ ఎక్కించుకుని తిరిగొచ్చేదాకా నేను ఇవతలి గడ్డ మీదే నిలబడ్డాను. నడి వాగులో పడవ పక్కకు ఒరిగినప్పుడు కళ్లు మూసుకున్నాను.

ఆమె దిగింది. తడిసి ముద్దయింది, చెయ్యి పొట్ట మీదే ఉంది. నాకంటే చిన్నదేమో.

"కాగితంలో నీ పేరు రాలేదమ్మా. తప్పు నాది," అన్నాను.

ఆమె కోప్పడలేదు. అర్థం కానట్టు నా వైపు చూసింది.

"ఎక్కిందని నిన్ననే చెప్పిండ్రు గదా సార్. జీపొస్తదన్నరు. అందుకనే పొద్దుగాల నీళ్లు తక్కువున్నప్పుడు నడిచి దాటలే."