టర్నింగు కాడ హారన్

ఆ రోజుల్లో, అంటే నా మొదటి కారు ఇంటికొచ్చిన కొత్తలో, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా నాకంటే బాగా నడిపేవాడు లేడని నా గట్టి నమ్మకం. (కారంటే ఏదో పెద్ద కారు అనుకునేరు. ఇద్దరి చేతులు మారి నా దగ్గరికొచ్చిన చిన్న తెల్ల కారు. వెనక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, ఎవరో ఒకరు దిగి వచ్చి బయటి నుంచి తీయాలి.) కుర్రతనపు నమ్మకాలకు ఆధారాలు అక్కర్లేదు, చేతిలో ఫోను ఉంటే చాలు. ఖమ్మంలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో కొత్తగా సూపర్‌వైజరుగా చేరాను. మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని రేసు ట్రాకుల వీడియోలు చూసీ చూసీ, బ్రేకు ఎక్కడ వేయాలో స్టీరింగు ఎప్పుడు తిప్పాలో అన్నం నములుతూనే నేర్చేసుకున్నాను. అలాంటి నాకు ఒకరోజు ఆ ఫోనులోనే ఒక ప్రకటన కనపడింది. చెన్నై దగ్గరున్న ట్రాకుకు ఎవరి సొంత కారు వాళ్లు తెచ్చుకుని, రోజంతా విడతలు విడతలుగా నడుపుకోవచ్చట. పందెం కాదు, గెలుపోటములు లేవు, నేర్చుకోవడానికే. వెంటనే పేరిచ్చేశాను. ఇక ఇంట్లో చెప్పడమొక్కటే మిగిలింది.

ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా ఊరు ఇల్లందు దగ్గర, అడవిని ఆనుకుని ఉంటుంది. మా నాయన బస్సు డ్రైవరు. నాకు కారొచ్చే నాటికి రిటైరయ్యాడు గాని, అంతకుముందు జీవితమంతా ఇల్లందుకూ భద్రాచలానికీ మధ్యనే నడిపాడు. సాయంత్రం భద్రాచలం నుంచి వచ్చే ఆఖరి ట్రిప్పు మా ఊరి మీదుగానే ఇల్లందు పోయేది. ఊరికి ముందు ఒక ఇప్పచెట్టు దగ్గర రోడ్డు గుడ్డిగా తిరుగుతుంది. అక్కడ నాయన హారన్ కొట్టేవాడు. ఆ మోత వినపడగానే అమ్మ లేచి బియ్యం కడిగేది. ఆయన ఇల్లందులో బస్సు అప్పజెప్పి, సైకిలు మీద వెనక్కి వచ్చేసరికి అన్నం వార్చి ఉండేది. చిన్నప్పుడు నేను అన్నం హారన్ మోతకే ఉడుకుతుందనుకునేవాణ్ణి. వేరేవాళ్ల ఇళ్లల్లో బస్సు లేకుండా ఎలా వండుకుంటారోనని జాలిపడేవాణ్ణి కూడా.

ట్రాకు మాట చెప్పగానే అమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

"రేసా? ఏందిరా, పెండ్లి గావల్సిన పిల్లగానివి!"

"రేసు గాదమ్మా, నడుపుడు నేర్సుకునుడు."

"నేర్సుకునుడా? అంటే నడుపుడు రాకనే ఇన్ని దినాలు నన్ను కూసోబెట్టుకొని తిప్పినవా?"

అయితే అసలు అడ్డం అమ్మ కోపం కాదు, అమ్మ మొక్కు. కారు కొన్నప్పుడు పూజ చేయించడానికి భద్రాచలం తీసుకుపోయాం. పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే అమ్మ ముందు సీటులో కూర్చుని స్పీడు చూపించే మీటరు చూసింది. "ఇన్ని నంబర్లెందుకురా దీనికి?" అంది. అక్కడికక్కడే గుడి వైపు తిరిగి చేతులు జోడించి, "నా కొడుకు బండి అరవై దాటది తండ్రీ, నువ్వు సల్లగ సూడు" అని మొక్కేసింది. మొక్కింది ఆవిడ, తీర్చాల్సింది నేను. అప్పట్నుంచీ నేను అరవై దాటలేదు. ఎంత గొప్ప డ్రైవరునని విర్రవీగినా ఆవిడ మొక్కును తొక్కుకుంటూ పోయే ధైర్యం నాకు లేదు. అమ్మ మనస్ఫూర్తిగా పోయిరా అంటేనే ట్రాకు, లేకపోతే మళ్లీ అన్నం డబ్బా, వీడియోలు.

"ఇంతకు ఆ రోడ్డు యాడికి పోతది?" అని అడిగింది చివరికి.

"యాడికీ పోదమ్మా. గుండ్రంగ తిరిగి మల్ల మొదలైన కాడికే వస్తది."

"యాడికీ పోని రోడ్డుకు మద్రాసు దాక పోవుడెందుకు?"

నాయన తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ రోజుకు మాట అక్కడే ఆగింది. మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ అమ్మే ఆగింది. "గుండ్రంగ తిరిగి మల్ల గాడికే వస్తరంటివి గద. అది రోడ్డెట్లయితది? అది ప్రదక్షిణ." నాకు ఎగిరి గంతేయాలనిపించింది. "అవ్ అమ్మా, ప్రదక్షిణనే!" అన్నాను. "ఆగు. ఏ దిక్కుకు తిరుగుతరు? కుడి దిక్కుకు తిరిగితేనే మంచిది. ఎడమకు తిరుగుడైతే నువ్వు పోవుడే వద్దు."

వీడియోల్లో అన్నీ చూశాను గాని ఇది చూడలేదు. ఫోను చేశాను. ఆ కార్యక్రమం నడిపే ఒకావిడ ఎత్తింది. (తర్వాత ఆవిడ చేతిలో రంగురంగుల జెండాలు చూసి మా ఇంట్లో జెండాల మేడం అనే పేరు స్థిరపడింది.) "మేడం, మీ ట్రాకు ప్రదక్షిణంగా తిరుగుతుందా, అప్రదక్షిణంగానా?" అని అడిగాను. "క్లాక్‌వైజ్ సార్. ఎందుకండీ?" "మొక్కు ఉంది మేడం." "ఓకే సార్. హెల్మెట్ మాత్రం మర్చిపోకండి" అంది పాపం.

మొక్కు ఎక్కడ మొక్కారో అక్కడే విప్పి చెప్పాలట. అందుకని మళ్లీ భద్రాచలం, అరవైలోనే. వెనక జనం తోస్తున్నా అమ్మ స్వామి ముందు కదలకుండా నిలబడింది. "తండ్రీ, నేను అరవై అన్నది రోడ్డు సంగతి. ఇది రోడ్డు గాదు. పిలగాడు సుట్టు తిరుగుతడట, కుడి దిక్కుకే. జెర్ర నువ్వే సూసుకోవాలె." ఎవరో "జరుగమ్మా, జల్దీ" అన్నారు. "ఆగన్నా, మొక్కు మాట్లాడుతున్న" అంది అమ్మ. దేవుడు ఏమన్నాడో నాకు తెలియదు గాని బయటికొచ్చాక అమ్మ ముఖం తేటపడింది. "పోదాం తియ్" అంది. పోదాం అంటే ముగ్గురం అని నాకు అప్పటికి అర్థం కాలేదు.

ఇక కారును తయారు చేయించాలి. ఇల్లందు బస్టాండు వెనక మెకానిక్ చాచా షెడ్డుంది. ఆయన తాత టాంగా చక్రాలకు పట్టీలు వేసేవాడట, తండ్రి లారీలు బాగుచేసేవాడట, ఈయన ఏది వస్తే అది. నాయనకు చిన్ననాటి దోస్తు. "ట్రాకును నేను సూడలేదు బేటా, గని ట్రాకు కూడ నన్ను సూడలేదు" అంటూ కారు కిందికి దూరాడు. బ్రేకుల ప్యాడ్లు కొత్తవి వేశాడు, బ్రేకు ఆయిలు మార్చాడు, చక్రాల బోల్టులు ఒక్కొక్కటీ బిగించి మళ్లీ బిగించాడు. పని అయ్యాక, "ఇగ ఇది నా గిఫ్టు" అని ఒక జంట హారన్ బయటికి తీశాడు. ఏ లారీ మీద పుట్టి పెరిగిందో గాని అది నా కారు మూతిలో పట్టక పట్టక పట్టింది. "రేసు ట్రాకులో హారన్ ఎందుకు చాచా?" అన్నాను. "బ్రేకు నీ కోసం, హారన్ అవుతలోని కోసం. చుప్ కూసో" అని ఒక్కసారి నొక్కి చూశాడు. బస్టాండులో కూర్చున్న జనం బస్సొచ్చిందని మూటలెత్తుకుని లేచారు.

ట్రాకు మీద నిండు చేతుల నూలు చొక్కా వేసుకోవాలని నియమం. నా చొక్కాలన్నీ మెరుపు గుడ్డలే. నాయన పెట్టె తెరిచి తన ఖాకీ చొక్కా తీశాడు. అమ్మ దాన్ని ఇస్త్రీ చేసింది. వేసుకుని అద్దంలో చూసుకుంటే, రేసు డ్రైవరుకు బదులు చిల్లర లేదని ఎవరితోనో గొడవపడి వచ్చినవాడిలా ఉన్నాను. నాయన గుండీలు సర్ది ఒకే ఒక్క మాట చెప్పాడు. "టర్నింగు కాడ హారన్ కొట్టు."

"అది వన్ వే నాయనా. ఎదురుంగ ఒక్క బండి గూడ రాదు."

"రాకపోనీ. కొట్టు."

పాత డ్రైవరు చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

చెన్నై దాకా రోడ్డు రోడ్డే గనక మొక్కు మొక్కే. అరవైలోనే పోయాం. కోడిగుడ్ల వ్యాను దాటిపోయింది. గడ్డి మోపులు వేసుకున్న ట్రాక్టరు ఒకటి కాసేపు మాతో సమానంగా వచ్చింది. రేసుకు పోతున్నామని ఎవరితోనైనా చెబితే నవ్వుతారని మధ్యలో చాయ్ దగ్గర కూడా నోరు విప్పలేదు. దారిలో ఒక ఊళ్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే ట్రాకుకు చేరాం. అక్కడ కార్లను చూసి నా గొప్ప నమ్మకం సగం జారిపోయింది. అన్నీ నేలకు ఆనుకుని గురగురమంటున్న కార్లు. మా కారు తలుపు బయటి నుంచి తీసి అమ్మను దింపింది జెండాల మేడమే. "లోపల లూజ్ ఐటమ్స్ ఏమీ ఉండకూడదు సార్, అన్నీ తీసేయండి" అంది. తీయడం మొదలుపెట్టాం. పులిహోర క్యారియరు, నీళ్ల క్యాను, దుప్పట్లు, చాప, సకినాల డబ్బా, కొబ్బరికాయ, సీటు కింద నాకే తెలియని ఒక ఉల్లిగడ్డల సంచి. పక్క కారాయన, మా కారు ఎందుకు వంగి ఉందో ఇప్పుడు అర్థమైందన్నట్టు చూశాడు. ముందు కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ కూడా విప్పాలన్నారు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, నిమ్మకాయ పీకి తన గుప్పిట్లో పట్టుకుంది. "పో, ఇది నా తాన ఉంటది" అంది.

మొదటి విడత. మొదటి మలుపు వచ్చింది. వీడియోల్లో నేర్చుకున్నదంతా ఎటు పోయిందో గాని, చెయ్యి మాత్రం తన పని తాను చేసింది. భోంయ్! అడవి రోడ్డు మీద పుట్టిన చెయ్యి కదా, మలుపు కనపడితే ఊరుకోదు. రెండో మలుపు, భోంయ్. మట్టి కట్ట వెనక మలుపు, భోంయ్ భోంయ్. నా ముందున్న ఎర్ర కారాయన, వెనక లారీ వచ్చిందనుకున్నాడేమో, బెదిరి పక్కకు తప్పుకున్నాడు. (ఆ రోజంతటికీ నేను దాటిన కారు అదొక్కటే.) కాసేపటికి నాకు జెండా ఊపి లోపలికి పిలిచారు.

"సార్, హారన్ ఎందుకు కొడుతున్నారు?"

"టర్నింగు మేడం."

"ఎదురుగా ఎవరూ రారు సార్!"

"తెలుసు మేడం. చెయ్యి ఆగట్లేదు."

ఆవిడ నవ్వాపుకుంటూనే, మళ్లీ మోగితే ఇంటికి పంపాల్సి వస్తుందని గట్టిగా చెప్పింది. రెండో విడతలో పళ్లు బిగబట్టి, చెయ్యి బిగబట్టి, మౌనంగా నడిపాను. నిజం చెప్పొద్దూ, బాగా నడిపాను. తిన్నని చోట మీటరులో ముల్లు అరవై దాటి, ఎనభై దాటి, వంద కూడా దాటింది. చాచా వేసిన బ్రేకులు చెప్పిన చోట ఆపాయి. మెచ్చుకుంటారనుకుని హెల్మెట్ తీసి, అమ్మా నాయనా కూర్చున్న మెట్ల దగ్గరికి పరిగెత్తాను. అమ్మ గుప్పిట్లో నిమ్మకాయ నలిగి రసం మోచేతి దాకా కారింది.

"సప్పుడు ఎందుకు బంద్ జేసినవ్?" అన్నాడు నాయన.

"కొట్టొద్దన్నరు."

అమ్మ నా ఖాకీ చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఆ మట్టికట్ట ఎనకకు పోయినంక నువ్వు కనపడవు బిడ్డా. ముందుగాల సప్పుడు ఇనపడె, ఉన్నవనుకున్న. ఇప్పుడేమో సప్పుడే లేకపాయె. నేనేం సమజ్ చేసుకోవాలె?"

నేను నాయన వైపు చూశాను. ఆయన ట్రాకు వైపు చూస్తున్నాడు. టర్నింగు కాడ హారన్ కొట్టమన్నది ఎదురొచ్చే బండి కోసం కాదని, ఇన్నేళ్లుగా ఇప్పచెట్టు దగ్గర ఆయన కొట్టిందీ దాని కోసం కాదని, నాకప్పుడు తెలిసింది. నా వెనకే వచ్చిన జెండాల మేడం ఇదంతా విన్నది. చేతిలో వాకీటాకీ ఎత్తి జెండాల వాళ్లందరితో ఏదో మాట్లాడింది. "ఆ వెనక టర్న్‌లో ఒక్కసారి. ఒక్కసారే సార్" అంది. ఆవిడ ఎక్కడున్నా చల్లగా ఉండాలని అమ్మ ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు అంటుంది, నేనూ అనుకుంటాను.

మూడో విడతలో ప్రతి చుట్టుకూ, మట్టికట్ట వెనక, ఒక్కసారి కొట్టాను. ఆఖరి చుట్టు తిరిగి మెట్ల ముందు నుంచి వస్తూ అటు చూశాను. నాయన లేచి నిలబడి ఉన్నాడు. అమ్మ నన్ను చూడటం లేదు. క్యారియరు విప్పి, విస్తరాకులు పరిచి, పులిహోర వడ్డిస్తోంది.

ఇప్పుడు నాకు ఉద్యోగం కొత్తగూడెంలో. రోజూ సాయంత్రం ఇంటికి వస్తాను. కారు మారింది, చాచా హారన్ మాత్రం ఈ కారు మూతిలోకి కూడా ఎక్కింది. రోడ్డు వెడల్పు చేశాక ఇప్పచెట్టు దగ్గర అసలు మలుపే లేదు, అల్లంత దూరం నుంచే మా ఊరు కనపడుతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా నాకంటే బాగా నడిపేవాడు లేడని విర్రవీగిన ఆ కుర్రవాడు ఇప్పుడు కాస్త పొట్ట వేసుకుని, అరవైలో, ఏ బండీ లేని తిన్నని రోడ్డు మీద, ఇప్పచెట్టు రాగానే హారన్ కొడతాడు. వెనక వచ్చే బైకుల వాళ్లు వీడికేమైందని చూసిపోతారు. చూడనివ్వండి. ఇంట్లో అమ్మ బియ్యం కడగాలి.