గోడ మీద గొర్రెల మంద

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గోదాము గోడ మీద నేనూ నా స్నేహితురాలూ కలిసి ఒక బొమ్మల ప్రదర్శన పెట్టాం. గోడ నిండా ఎరుపు, పసుపు, నీలం త్రిభుజాలు వేసింది నేను. ఒక్కో త్రిభుజంలో ప్రొజెక్టరుతో పడే వీడియోలు తీసింది తను. నేరేడుచర్ల దగ్గర వాళ్ల నాయిన మేపే గొర్రెలు, ఆయన చేతులు, సాగర్ కాల్వ గట్టు. "కెమెరా పట్టుకొని తిరుగుడు గూడ ఒక పనేనా" అని బిడ్డను దెప్పే ఆ మనిషి, ప్రదర్శన సాయంత్రం మందను పక్కవాళ్లకు అప్పజెప్పి మొదటిసారి చూడ్డానికి వచ్చాడు. తెల్లారితే మందను తోలుకొని దూరం పోతాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు.

వీడియోల అంచులు నా గీతల మీద సరిగ్గా కూర్చోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. అంతా అయిందని చాయ్ తాగొచ్చేసరికి, మిల్లు సేటు ప్రొజెక్టరును తూర్పుకు తిప్పి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడుతున్నాడు!

"అయ్యో, ఎందుకు కదిలిచ్చిన్రు సేటూ?"

"కొత్త మిషనుకు పూజ చెయ్యకుంట ఎట్ల నడిపిస్తమమ్మా? ఎట్లున్నదట్లనే పెడ్త తియ్యి."

పెట్టాడు మహానుభావుడు! గొర్రె తల ఎరుపులో, తోక పక్క తలుపు మీద. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమనిషని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అన్నాను. "మంచికే చేసిన గదమ్మా" అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

వీడియోలు ఆపేశాను. ప్రొజెక్టరుతో గోడ మీద ఉత్త తెల్లగీతలు వేసుకుని, ఒక్కో మూలా సరిచేయడం మొదలుపెట్టాను.

"అక్కా, వంకరుంటే ఉండనీ, జర పెట్టు. నాయిన ఆఖరి ఆటోకు పోవాలె," అంది తను.

"ఇంత తిప్పలు పడి గిట్ల చూపిస్తమా? ఆగు." నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

వాళ్ల నాయిన బస్తా మీద కూర్చుని చాలాసేపు ఆ గీతలనే చూశాడు. తర్వాత లేచి గొంగడి భుజాన వేసుకున్నాడు.

"మంచిగనే ఉన్నయ్ బిడ్డా గీతలు. ఇగ నే పోత. మంద కాడోల్లు ఎదురుసూస్తరు."

"ఇది కాదు నాయినా..." అంటూ తను వెంట పరుగెత్తింది. కానీ ఆయనెక్కిన ఆటో ఆగలేదు.

పావుగంటకు గొర్రెలన్నీ త్రిభుజాల్లో సరిగ్గా కూర్చున్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. సేటు నేనన్న మాటలు మరిచిపోయి చప్పట్లు కూడా కొట్టాడు. తను మాత్రం గోడకు వీపు పెట్టి నిలబడింది.

"సూడు, ఎంత మంచిగొచ్చిందో," అన్నాను, సిగ్గు లేకుండా.

"నాయినకు గొర్రెలు కనవడ్తె సాలుండెనక్కా," అంది.