మూడు నీలం కుట్లు

కొత్త యూనిఫాం మీద ఇస్త్రీపెట్టె ఆనిస్తే గంజి వాసన గుప్పుమంటుంది. మొన్న మా బిడ్డకు ఖమ్మంలో కొన్న స్కర్టు ఇస్త్రీ చేయబోతూ, ముందుగా దాని జేబును లోపలిది బయటికి తిప్పాను. మా బిడ్డ నవ్వింది. "మమ్మీ, స్కర్టు కొన్నవా, దొంగను పట్టినవా?" ఆ నోరు నాదే, దాన్నని లాభం లేదు. జేబు తిప్పే రోగం మాత్రం నాకు జైనబ్బీ ఆపా అంటించింది.

బడీ నేనూ ఏడో తరగతిలో ఒకరంటే ఒకరికి విసుగొచ్చి విడిపోయాం. పెళ్లయ్యాక ఖమ్మంలో ఒక కుట్టు దుకాణంలో చేరితే, ఒక వంకర కాలరుకే మధ్యాహ్నానికల్లా పని మాన్పించి నన్ను ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఏన్కూరులో జైనబ్బీ కుట్టు షెడ్డుకొచ్చాను. అక్కా అన్నట్టు అందరం ఆమెను ఆపా అనేవాళ్లం. అడవి ఊళ్లలోని హాస్టల్ పిల్లలకు చొక్కాలు, లాగులు కుట్టేవాళ్లం. ఆపా సన్నటి మనిషి. కళ్లజోడు జారకుండా లాగు నాడాతో తల వెనక ముడేసుకునేది. ఆమె దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం. కుట్టడం అయ్యాక జేబు లోపల ఆ దారంతో చేత్తో మూడు కుట్లు వెయ్యాలి. నాది నీలం. పక్క మిషన్ మీద కుట్టే లచ్చక్కది పసుపు. దొంగలను పట్టే ఏర్పాటు బాగానే చేసిందనుకున్నాను.

షెడ్డులో 'ఎవరు' అనే మాట చెల్లదు. "ఇది ఎవరు చెడగొట్టిన్రు?" అంటే ఆపాకు వినపడేది కాదు. "ఇది ఎట్లయింది?" అంటేనే తల తిప్పేది.

"ఆపా, మా ఇంట్ల దొంగలు పడ్డా ఎట్లయిందనే అడుగుతవా?" అన్నాను ఒకసారి.

"అవ్. గడియ పెట్టినవా లేదా అని ముందు నిన్నే అడుగుతా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, నమ్మలేదు.

ఒకరోజు ఒక హాస్టల్ నుంచి లాగుల మూట తిరిగొచ్చింది. జేబులన్నీ మూలల్లో చిరిగాయి. అందరూ చాయ్ దగ్గరున్నప్పుడు నేను మెల్లగా మూట విప్పి చూశాను. పైనున్న జేబులో నీలం దారం. కింద దాంట్లో కూడా నీలమే. ఖమ్మం దుకాణం గుమ్మం కళ్లముందు తిరిగింది. ఈ పని కూడా పోతే ఇంట్లో పొయ్యి మీదకు ఏమీ ఉండదు. గబగబా పైనున్న నాలుగు లాగుల్లో నీలం ఊడదీసి లచ్చక్క పసుపు దారం వేశాను. జోకులేసే నోరు ఆ పది నిమిషాలు గట్టిగా మూసుకుంది.

ఆపా వచ్చి ఆ నాలుగూ తిప్పి చూసింది. నావైపు చూడలేదు, లచ్చక్క వైపూ చూడలేదు. "ఎట్లయింది?" అంటూ చిరిగిన మూలలో వేలు పెట్టింది. మర్నాడు పొద్దున నన్నొక్కదాన్నే వెంటబెట్టుకుని బస్సెక్కి ఆ హాస్టల్‌కు పోయింది. పిల్లలను వరసగా కూర్చోబెట్టి, "జేబుల్ల ఏమున్నయో తియ్యిండ్రి నాయనా" అంది. తునికి పండ్లు, ఇప్ప గింజలు, గులేరుతో పిట్టల్ని కొట్టే రాళ్లు, ఒక బొంగరం, బతికున్న ఎండ్రకాయ ఒకటి! సగం అడవి బయటపడింది.

"ఆపా, మనం లాగులు కాదు, గోనె సంచులు కుట్టాలె" అన్నాను.

"నవ్వకే పోరీ. మనం రుమాలుకని కుట్టినం. వీళ్లు రాళ్లకని తొడిగిన్రు. వచ్చి చూడకపోవుడే తప్పు."

తిరుగు బస్సులో ఆమె సంచిలోంచి ఒక లాగు తీసింది. "లచ్చిది పుర్రచెయ్యి. ఎడమ చేత్తో సూది పడతది, కుట్లు ఎడమకు వాలతయి. గీ పసుపు కుట్లేమో కుడికి వాలినయ్. రంగు మార్చినవ్ గాని చెయ్యి మార్చలేకపోయినవ్."

దిగి పారిపోదామంటే బస్సు ఆగదు.

"ఎట్లయింది?" అంది, జేబును అడిగినంత మామూలుగా.

"భయమైంది, ఆపా. పంపిస్తవనుకున్న."

ఆపా ఆ లాగును నా ఒళ్లో పెట్టింది. "గట్లయితే చిరిగింది నా షెడ్డే. దారం నిన్ను పట్టనీకి కాదే, నిన్ను అడగనీకి. ఆ మూల కుట్టేటప్పుడు నీకేం కనబడ్డదో నాకెట్ల తెలుస్తది?"

అప్పుడు చెప్పాను. ఆ గుడ్డ మూల దగ్గర పలచగా అనిపించిందనీ, చెబితే ఏమంటారోనని కుట్టేశాననీ. ఆ వారం నుంచి మూలకు రెండు పొరల గుడ్డ పడింది. మొదట కుట్టిన జేబులో గులేరు రాళ్లు నింపి సాయంత్రం దాకా మేకుకు వేలాడదీశాకే మిగతావి కుట్టేవాళ్లం.

లచ్చక్కకు నేనే చెప్పుకున్నాను. "నా పసుపు దారం దండుగ చేసినవ్ గదనే!" అని నెత్తిన ఒక్కటి మొట్టింది, చాయ్ తెప్పించింది. మర్నాడు ఆపా తాను మొట్టమొదట కుట్టిన చొక్కా తెచ్చి గుమ్మం పక్కన వేలాడదీసింది. దానికి రెండు చేతులూ ఎడమవే! రోజూ పొద్దున మిషన్ తొక్కే ముందు ఎవరి తప్పు వాళ్లు చెప్పుకోవాలంది. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరు. నా తప్పులు విని నవ్వలేక కడుపు పట్టుకునేవాళ్లు.

ఆపా ఇప్పుడు లేదు. కారేపల్లిలో నాకొక చిన్న షెడ్డుంది. దాని గుమ్మం పక్కన కుడికి వాలిన పసుపు కుట్ల లాగు వేలాడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదట దాని కథే చెబుతాను.

ఇంతకీ మా బిడ్డ స్కర్టు జేబులో ఏ గుర్తు దారమూ లేదు. మూల అప్పుడే విచ్చుకుంటోంది. "ఎవరే ఇది కుట్టింది!" అని అరిచాను.

"మమ్మీ... 'ఎవరు' అనొద్దు గద?"

నోరు మూసుకుని మిషన్ ముందు కూర్చున్నాను. మూలకు రెండో పొర వేసి, లోపల నీలం దారంతో మూడు కుట్లు వేశాను. ఇప్పటికీ కుడికే వాలుతున్నాయి.