ఎడంకాలు ఆపిన మిషను

మా పై వాటాలో ఉండే తిరుపతిరావు అవనిగడ్డ బస్సు డ్రైవరు. ఉయ్యూరు దాటాక రోడ్డుకు అడ్డంగా పడుకున్న గేదె కూడా అతని హారను వింటే లేచి, తోకతో దారి చూపించేదని మా మనవలకు చెప్పేవాణ్ణి. వానాకాలంలో మేడమెట్ల మీద జారి కుడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను చేశారు, కట్టు విప్పారు, ఎముక అతుక్కుంది. పాదానికి మాత్రం స్పర్శ రాలేదు. కాలు బ్రేకు మీద ఉందో లేదో తెలియనివాడికి బస్సు ఎవరిస్తారు?

రోజూ చీలమండను పైకీ కిందికీ ఆడించమంది ఫిజియోథెరపీ అమ్మాయి. ఊరికే గాలిలో ఆడించడానికి అతనికి సిగ్గేసింది. భార్య శివపార్వతి జాకెట్లు కుడుతుంది. అతన్ని మిషను ముందు స్టూలు మీద కూర్చోబెట్టి తొక్కమని, తాను పక్కన నిలబడి గుడ్డ జరిపేది. "ఆపండి" అనేది. అతను ఆపేసరికి కుట్టు మెడ దాటి భుజం మీదికి పోయేది. ఆమె ఊడదీసి మళ్లీ పెట్టేది. అతను గోడకేసి చూస్తూ మళ్లీ తొక్కేవాడు.

నేను పైకెళ్లి, బస్సు పామర్రు దాటిందా అని అడిగేవాణ్ణి. చిన్నప్పుడు నేను చదివిన కాన్వెంటులో సిస్టరొకావిడ కుట్టుమిషను తొక్కుకుంటూ ఏలూరు వెళ్లి, సాయంత్రం ప్రార్థన వేళకు తిరిగొచ్చేసిందని కూడా చెప్పాను. అతను తొక్కుతూనే అన్నాడు:

"బ్రేకుల్లేవు బాబాయిగారూ. ఎక్కకండి."

మొహంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు.

చలికాలం వచ్చేసరికి కుట్టు సరిగ్గా గీత దగ్గరే ఆగసాగింది. శివపార్వతి ఆ జాకెట్టు తెచ్చి నాకు చూపించింది. రేపే డిపోకు వెళ్లి డాక్టరు పరీక్షకు పేరివ్వమని మొగుణ్ణి తొందరపెట్టింది. అతను తల వంచి తన పాదాల వంక చూశాడు.

"ఆపేది ఎడంకాలే, పార్వతీ. కుడిది ప్యాసింజరులా ఊరికే కూర్చుంటోంది."

ఆమె వంగి, కత్తెర మొనతో కుడి బొటనవేలు నొక్కింది.

"ఏమన్నా తెలుస్తోందా?"

"లేదు."

నా దగ్గర కథలకు కొదవ లేదు. ఆ పూట మాత్రం జాకెట్టు మడిచి మిషను మీద పెట్టి కిందికి వచ్చేశాను.

మర్నాడు అతనే డిపోకు వెళ్లి ఉన్నమాట చెప్పాడు. ఇప్పుడు బస్టాండులో మైకు ముందు కూర్చుంటున్నాడు. అవనిగడ్డ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, మిగతా ఊళ్ల పేర్లు చెప్పే గొంతుతోనే చెబుతాడు. సాయంత్రాలు మిషను తొక్కడం మాత్రం మానలేదు. ఎడంకాలి పక్కన కుడికాలూ ఉంటుంది. టిక్కెట్టు తీసుకున్నావా అని దాన్ని నేను అడుగుతూనే ఉంటాను. అది పలకదు.