ఒక్క ఏసీ కింద అయిదు సర్వర్లు

ఖమ్మంలో ఖానాపురం హవేలి షేర్ ఆటోల మీద నాకో చిన్న ఫిర్యాదు ఉండేది. డ్రైవరు తన సీటును అటూ ఇటూ ఇద్దరికి పంచేసి, తాను దాదాపు గాలిలో కూర్చుని నడిపేవాడు. వెనక ముగ్గురి చోట్లో అయిదుగురం. అయినా ఎక్కిన ప్రతివాడూ ఆటో మొత్తం తనదే అన్నట్టు ఇక్కడ ఆపు, అక్కడ తిప్పు అనేవాడు. నేను రోజూ ఒక తుంటి మీదే కాలేజీ చేరేవాణ్ణి. రెండో తుంటికి ఆ రోజుల్లో చెప్పుకోదగ్గ పని లేదు.

రెండు వేల దశకం చివరి మాట ఇది. ఊరి అంచున ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ విభాగానికి నేను పెద్దను. మా సర్వర్ గది అంతకుముందు ఆటసామాను గది. అందులో అయిదు సర్వర్లు: హాజరుకొకటి, లైబ్రరీకొకటి, పరీక్షలకొకటి, ల్యాబుకొకటి, వెబ్‌సైటుకొకటి. ఏదీ రోజుకు గంటకు మించి ఒళ్ళు వంచేది కాదు గానీ, వేడి మాత్రం రోజంతా పుట్టించేది. ఈ విషయంలో అవి మా స్టాఫ్ రూమును పోలి ఉండేవి.

మే నెల వచ్చేసరికి ఏసీ చేతులెత్తేసింది. కమాన్ బజార్లో తాతల కాలం నుంచీ మరమ్మతుల దుకాణం నడుపుతున్న ఒక సాయిబు గారు వచ్చి, దాన్ని విప్పి చూసి, మళ్ళీ మూసేశాడు.

"ఏసీది తప్పు లేదు సార్. మీరు దాన్ని తీస్కపోయి పొయ్యి ముందల కూసోబెట్టిన్రు. మిషన్లు తగ్గించుండ్రి, జల్దీ సల్లబడ్తది" అన్నాడు.

మిషన్లు తగ్గించే ఉపాయం అప్పటికే ఉంది. ఒక బలమైన సర్వర్ మీద ఒక సాఫ్ట్‌వేర్ వేస్తే, అది ఆ ఒక్కదాన్నే అయిదుగా పంచుతుంది. లోపలున్న ప్రతిదీ మిషన్ మొత్తం తనదే అనుకుంటుంది. దీన్ని వర్చువలైజేషన్ అంటారని మా ఛైర్మన్ గారికి బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెప్పాను. ఆయనది గ్రానైట్ వ్యాపారం. నా బొమ్మల వంక మర్యాదగా చూశాడు. చివరికి షేర్ ఆటో గుర్తొచ్చి అది చెప్పాను. వెంటనే ముందుకు వంగాడు.

"మరి డ్రైవర్ ఏడ కూసుంటడు?"

ఆ డ్రైవరే ఈ సాఫ్ట్‌వేర్ అనీ, ఎంచుకోవాల్సింది వాణ్ణేననీ అన్నాను. ఇద్దరున్నారు. ఒకడు కంపెనీ డ్రైవరు: లైసెన్సు, ఏటేటా సపోర్టు, తిట్టడానికి ఒక ఫోన్ నంబరు. రెండోవాడు ఓపెన్ సోర్స్: ఉచితం, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, తయారు చేసినవాళ్ళు లోకమంతా చెదిరి ఉంటారు, తిట్టాలంటే అందరూ నిద్ర లేవాలి.

ఛైర్మన్ లెక్క వేసుకున్నాడు. కంపెనీవాళ్ళే అన్నీ చూసుకుంటే ల్యాబ్ ప్రోగ్రామర్‌తో ఇక పనేముంది, ఆ అమ్మాయి కాంట్రాక్టు ఎలాగూ నెలాఖరుకు అయిపోతుంది కదా అన్నాడు. ఎవరి మీదా కోపం లేకుండానే అన్నాడు.

ఆ అమ్మాయిది ములకలపల్లి పక్క అడవిని ఆనుకున్న పల్లె. ఎం.సి.ఎ. చదివింది. ఇంట్లో కోయ, కాలేజీలో తెలుగు, మిషన్లతో ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ తక్కువే మాట్లాడేది. ఆ మధ్యనే ఖమ్మంలో గది కిరాయికి తీసుకుని, కళ్ళ వైద్యం కోసం తల్లిని తెచ్చుకుంది. ఒక కన్నుకు ఆపరేషన్ అయింది, రెండోది వరసలో ఉంది. ఓపెన్ సోర్స్ డ్రైవర్ని ఒక పాత మిషన్ మీద ఎక్కించి, నడిపి చూపించింది కూడా ఆమే. డ్రైవర్ని తేల్చే మీటింగులో కాస్త గట్టిగా మాట్లాడమని నేను రహస్యంగా చెప్పాను. ఉన్నది చెప్తా సార్ అంది. నాకు భయం వేసింది.

మీటింగుకు హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. అన్యాయంగా చెప్పకూడదు, అతని సరుకు బాగుంది. నడుస్తున్న మిషన్ని నడుస్తుండగానే ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చి చూపించాడు. పోతున్న ఆటోలోంచి ప్రయాణికుణ్ణి పక్క ఆటోలోకి మార్చినట్టే, వాడి నిద్ర కూడా చెడకుండా. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.

అంతా విని ఛైర్మన్ ఒకే మాట అడిగాడు: "పగులు ఏడుంది?"

అది క్వారీ అలవాటు. రాయి కొనేముందు దాని మీద నీళ్ళు పోస్తారు. రాయి ఆరిపోయినా సన్నటి పగులు మాత్రం తడిగానే కనబడుతుంది. నీళ్ళు పోసే ముందు అమ్మేవాణ్ణి అడగడం ఈయన పద్ధతి. మా దగ్గర ప్రింటర్లు కొన్నప్పుడూ అదే అడిగాడు. కూతురికి సంబంధం చూసినప్పుడూ అడిగాడని చెప్పుకునేవారు.

కంపెనీ మనిషి నవ్వి, తమ దాంట్లో పగుళ్ళు ఉండవన్నాడు. ఛైర్మన్ తల ఊపి, ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"నీ దాంట్ల, బిడ్డా?"

"శాన ఉన్నయ్ సార్" అంది. కొత్త వెర్షన్ వేసినప్పుడు ఒకసారి పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా ఏదీ లేవలేదని చెప్పింది. బ్యాకప్ తను చేత్తో రాసుకున్నదేనంది. సందేహం వస్తే ముక్కూ మొహం తెలియనివాళ్ళకు మెయిలు పెట్టి, జవాబు కోసం కూర్చోవాలంది.

"మరి ఏది మంచిది?"

"ఆ సార్ వాళ్ళదే మంచిగుంది."

నేను ఫ్యాను వైపు చూశాను. తిరగడం లేదు. మా జిల్లాలోనే పాల్వంచలో కరెంటు తయారవుతుంది గానీ, మా దాకా రావడానికి దానికి తీరిక ఉండేది కాదు.

"గని మనకు నడుస్తుంటె మార్చే పని పడదు సార్. రాత్రి మనయి అన్ని ఖాళీగనే ఉంటయ్, అప్పుడు ఆపి మార్చుకోవచ్చు. కరెంటు పోతె ఎవరిదైనా పోతది."

"ఏదన్న ఐతె ఎవర్ని పట్టుకోవాలె?"

"నన్ను పట్టుకోండి సార్. గని నెలాఖరు దాంకనే."

ఛైర్మన్ కంపెనీ మనిషికి టీ చెప్పించాడు. నెలాఖరు సంగతి నేను చూస్తలే అని ఆమెతో అన్నాడు.

జూన్ వానలు పడేలోగా ఓపెన్ సోర్స్ డ్రైవరు చేతికింద అయిదు సర్వర్లూ ఒక్కదాంట్లోకి సర్దుకున్నాయి. పక్కన ఇంకోటి తోడుగా ఉంచాం. ఏసీకి మళ్ళీ ప్రాణం వచ్చింది. ఆ అమ్మాయికి కాంట్రాక్టు పొడిగించారు, సర్వర్ గదిలో ఒక కుర్చీ కూడా వేశారు. తల్లికి రెండో కన్ను ఆపరేషన్ అయింది. ఎండలు మండుతుండగా ఖమ్మంలో శాలువా కప్పుకుని పనిచేసే మనిషిని నేను మొదటిసారి ఆ గదిలోనే చూశాను.

ఒకరోజు ఛైర్మన్ చూడ్డానికి వచ్చాడు. ఖాళీ అయిన చోటంతా చూసి సంతోషించాడు. ఇదెవరు ఎక్కించారు, బ్యాకప్ ఎవరు తీస్తారు, రాత్రి ఆగితే ఎవరు లేపుతారు అని వరసగా అడిగాడు. అన్నిటికీ నేను ఆ అమ్మాయి వైపే చెయ్యి చూపించాను, కొంచెం గర్వంగానే. ఆయన శాలువా వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

"మరి మీరెందుకు సారూ?"