బండి పోయిన రోజు బయటపడ్డ ఫిట్స్

ఏదో తేడాగా ఉందని మొదటిసారి అనిపించింది ఒక శుక్రవారం, బిర్యానీ ముందు కూర్చున్నప్పుడు.

నాది హైదరాబాద్, రామంతాపూర్. ఖతర్‌లోని అల్ రయ్యాన్‌లో ఒక మొబైల్ షాపులో సేల్స్ చేస్తాను. రూమ్‌లో నాతో ఉండేది నిజామాబాద్ ముజీబ్ భాయ్, నాకంటే పెద్దవాడు. ఆ రోజు తింటూ ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాను. కడుపులోంచి ఏదో పైకి లేచినట్టయింది. ప్లాస్టిక్ కాలిన వాసన. ఇదే ప్లేటు, ఇదే మాట, ఇదంతా ముందే ఒకసారి జరిగినట్టు అనిపించింది. తేరుకునేసరికి నా ప్లేట్లో లెగ్ పీస్ లేదు.

"నా పీస్ ఎవరు తీసిన్రు?" అని లేచాను.

"నువ్వే నా ప్లేట్ల ఏసినవ్ గదరా కిరణ్. వద్దంటే పలకవైతివి. పెదాలు చప్పరిచ్చుకుంట కూసున్నవ్. గంత మంచిగుందా బిర్యానీ?"

"మజాక్ చెయ్యకు భాయ్!"

ఆ పూట పెద్ద గొడవే అయింది. నేను వెయ్యలేదని ఒట్టేసి చెప్పగలను. వేశావని ముజీబ్ భాయ్ ఒట్టేసి చెబుతున్నాడు. తర్వాత షాపులోనూ ఇదే వరస. ధర అడిగితే బొమ్మలా నిలబడ్డాడని ఒక కస్టమర్ కంప్లైంట్ చేశాడు. ఆ కస్టమర్ నన్ను ఏమీ అడగనే లేదు! మేనేజర్ మాత్రం, "ఫోన్ చూడటం తగ్గించు, అన్నీ వినబడతాయ్" అన్నాడు. అందరూ కలిసి నాతో ఆడుకుంటున్నారనుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్లాలని తోచనే లేదు. అబద్ధాలు చెప్పేది వాళ్లయితే మందులు నాకెందుకు?

ఇక బండి పోయిన మధ్యాహ్నం సంగతి. నాకో పాత బైకు ఉండేది. దాని ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. ఖతర్ లైసెన్స్ ఉంది కదా అన్న ధీమా. హైదరాబాద్‌లో నా కార్డు ఒక్కటే, బైకూ కారూ రెండూ దాని మీదే. ఇక్కడా అంతే అనుకున్నాను. ఇక్కడి కార్డు మీద కారు ఒక్కటే ఉందని పోలీసు ఆపి చూపించేదాకా చూసుకోలేదు.

"హాదా సయ్యారా," అన్నాడు ఆయన కార్డు మీద వేలు పెట్టి. ఇది కారుది అని. తర్వాత బైకు చూపించి తల అడ్డంగా ఊపాడు. ఇన్సూరెన్స్ అడిగాడు. నేను ఫోన్ తీశాను.

మా ఊళ్లో పోలీసు ఆపితే మొదట చేసే పని అదే. తెలిసిన అన్నకు ఫోన్ కలిపి, "సార్, ఒక్కసారి మాట్లాడండి" అని సార్ చేతికిస్తాం. ఇక్కడ నాకు తెలిసిన అన్నల్లో అరబీ వచ్చినవాడు ముజీబ్ భాయ్ ఒక్కడే. వీడియో కాల్ కలిపి పోలీసు ముందు పెట్టాను.

ఆయన చేత్తో కూడా తాకలేదు. "మాఫీ టెలిఫోన్," అన్నాడు. ఫోన్లూ గీన్లూ లేవని. వెంటనే రికవరీ ట్రక్కు పిలిచాడు. నా కళ్లముందే బైకును పైకెక్కించి కడుతుంటే నాకు మండిపోయింది.

"భాయ్, చెప్పు ఈయనకు! బండి దించమను!" అని స్క్రీన్‌లోకి అరిచాను.

మళ్లీ ప్లాస్టిక్ కాలిన వాసన. అంతే.

తర్వాత గుర్తున్నది అంబులెన్స్ లోపల. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు, నేను విడిపించుకుంటున్నాను. నన్ను అరెస్టు చేశారనుకున్నాను. పోలీసు కొట్టాడని కూడా అనుకున్నాను, హాస్పిటల్‌కు వచ్చిన ముజీబ్ భాయ్‌కి అదే చెప్పాను.

"కొట్టుడా? నిన్ను నీడకు తీస్కపోయి కూసుండబెట్టిండ్రా ఆయన," అన్నాడు. "నువ్వు హెల్మెట్ పట్టీ పీక్కుంట, పెదాలు చప్పరిచ్చుకుంట దిక్కులు చూస్తున్నవ్. నీ చేతుల ఫోన్ల నుంచి నేను మొత్తుకున్న, పోరనికి బాగలేదు సార్ అని. అప్పుడు తీస్కున్నడు ఫోన్. అంబులెన్స్ పిలిచింది ఆయనే."

నేను నమ్మలేదు. అప్పుడు తన ఫోన్ చూపించాడు. నన్ను రూమ్ గ్రూపులో ఆటపట్టిద్దామని ఆ వీడియో కాల్‌లో నా అరుపులు రికార్డ్ చేస్తున్నాడట. అందులో నా మొహం ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, లోపల మనిషి లేడు. చూస్తుంటే భయమేసింది.

CT నార్మల్ అన్నారు. EEG కూడా నార్మల్. హమ్మయ్య అనుకుంటుంటే న్యూరాలజీ డాక్టర్, మలయాళీ ఆవిడ, ఆ వీడియో మూడోసారి చూసి, "EEG నార్మల్ హో సక్తా హై. But this is focal seizure," అన్నారు. EEG మామూలుగా ఉన్నా ఇవి ఫిట్సే, మెదడులో ఒకచోట మొదలయ్యే రకం అని. MRI తీశారు. మెదడులో టెంపోరల్ లోబ్ అనే చోట చిన్న స్కార్, అంటే పాత మచ్చ, కనిపించింది. "చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా?" అని హిందీలో అడిగారు. అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను.

"ఒక్కసారి వచ్చినయ్ రా. బాగా ఏడ్చిన. మళ్ల ఎన్నడు రాలే. ఇప్పుడెందుకు అడుగుతున్నవ్?" అంది అమ్మ. ఏదో సర్దిచెప్పాను.

Levetiracetam అనే ఫిట్స్ మాత్రలు రాశారు. "No driving. బైకు, కారు ఏదీ వద్దు. నేను చెప్పేదాకా," అన్నారు.

మాత్రలతో ఆ వాసన పోయింది. కోపం మాత్రం నెత్తికెక్కింది. లిఫ్టు ఆలస్యమైతే కోపం, చపాతీ గట్టిగా ఉంటే కోపం. ఒక రోజు నా ఫోన్ నేనే గోడకేసి కొట్టాను. "నువ్వు మొదటిసంది గింతే గదా," అన్నాడు ముజీబ్ భాయ్. అదీ నిజమే. మరి ఇది మాత్రల కోపమా, నాదా? తేల్చుకోలేక ఎవరికీ చెప్పకుండా మానేశాను. కొన్నాళ్లకు ఆమ్లెట్ వేస్తూ మళ్లీ ఎక్కడికో వెళ్లిపోయాను. తేరుకునేసరికి అరచెయ్యి పెనం మీద ఉంది. ఆ మచ్చ ఇంకా ఉంది.

డాక్టర్ తిట్టలేదు. "ఈ మందుతో కొందరికి irritability, ఊరికే చిరాకు, వస్తుంది. నాకు చెబితే మారుస్తాను కదా," అని వేరే మందు మెల్లగా మొదలుపెట్టి, పాతది మెల్లగా తగ్గించారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. మెట్రోలో డ్యూటీకి వెళ్తున్నాను.

బైకు ఇంకా యార్డులోనే ఉంది. ఇన్సూరెన్స్ కట్టి, బైకు లైసెన్స్ ఉన్న మనిషిని తీసుకెళ్తే వస్తుందట. "నేను తెస్త, నడిపేది నేనే," అంటున్నాడు ముజీబ్ భాయ్. తెచ్చి కింద పెడితే తాళం అడగకుండా ఉండగలనా? అందుకే ఊఁ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ పోలీసు మీద ఇప్పటికీ కోపమే. ఆయన ఆపకపోతే ఆ వాసన వచ్చేసరికి నేను రౌండెబౌట్ మధ్యలో ఉండేవాణ్ని, పక్కన ఎవరి కారు ఉండేదో. ఆ ఆలోచన వస్తే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇప్పుడు రూమ్‌లో నేను గొంతు పెంచితే ముజీబ్ భాయ్ ముందు నా మొహంలోకి చూస్తాడు. "కిరణ్, ఇదేం ఊరు?"

"దోహా పక్కన నీ దరిద్రపు రూమ్!"

"సరే, మనిషి ఉన్నడు. ఇగ కొట్లాడుదాం పా."

మీకు చెప్పేది ఒక్కటే. మీ పక్కవాళ్లు "నువ్వు ఇలా చేశావ్" అంటే, మీకు అది గుర్తులేకపోతే, వాదించకండి. వాళ్లనే వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ కాసేపు మీరు అక్కడ లేరు, వాళ్లున్నారు. డాక్టర్ సరేననేదాకా బండి తాళం కూడా వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.